ఫెర్న్‌కి ఇంటిపేరు

"పువ్వు పుయ్యదు, కాయ కాయదు. దాని పేరుతో నీకేటి పనిరా?"

గంగాలమ్మ కొడుకుని ఈ ప్రశ్న అడిగింది జాలరిపేటలో, సొంత అరుగు మీద, అమ్ముడుపోని కవళ్ళ చేపలకి పొట్టలు చీరుతూ. చేతిలో కత్తి ఆగలేదు, తల ఎత్తలేదు. ఎల్లాజీ దగ్గర జవాబు లేకపోలేదు. చేపల గంప పక్కన నిలబడి చెప్పడానికి పనికొచ్చే జవాబు మాత్రం లేదు.

అది 1996. ఎల్లాజీ ఎమ్మెస్సీ బోటనీ పాసై, గోపాలపట్నంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో గంటకింత అని పాఠాలు చెబుతున్నాడు. సెలవొస్తే జీతం లేదు, బంద్ వస్తే జీతం లేదు, తుఫానొస్తే అసలే లేదు. ప్రిన్సిపాల్ ఒక దారి చూపించాడు. "డాక్టరేట్ తెచ్చుకోవయ్యా, పర్మనెంట్ పోస్టు నీదే. రెండువేల సంవత్సరం దాటకుండా తే. ఆ తర్వాత ఆ కుర్చీలో ఎవరి మేనల్లుడు కూర్చుంటాడో నేను చెప్పలేను." ఎల్లాజీకి మేనమామలు ఉన్నారు గాని, వాళ్ళంతా సముద్రం మీద ఉంటారు. అందుకని డాక్టరేట్ తప్ప గత్యంతరం లేదు.

ఇలాంటి మనిషి గురించి చెప్పేటప్పుడు, పసితనంలోనే ఒక పచ్చని ఆకుని చూసి మైమరచిపోయాడని మొదలుపెట్టడం మనవాళ్ళకి అలవాటు. ఎల్లాజీ దేన్నీ చూసి మైమరచిపోలేదు. జాలరిపేట ఇసుకలో ఫెర్న్ మొలవదు. అతను చేరిన పి.జి. సెంటర్‌లో గైడు ప్రొఫెసర్ భీమశంకరరావు గారు. ఆయన దగ్గరికి ఎల్లాజీ వెళ్ళేసరికి పూలమొక్కలు సిఫారసు ఉన్నవాళ్ళకి పోయాయి, మందుమొక్కలు గ్రాంటు తెచ్చుకున్నవాళ్ళకి పోయాయి, మడ అడవులు ఈత వచ్చునన్న పేరుతో ఇంకొకడికి పోయాయి. ఈత నిజంగా వచ్చినవాడికి ఫెర్న్‌లు మిగిలాయి.

ఫెర్న్ అంటే చుట్ట చుట్టుకుని పుట్టి, విప్పుకుంటూ పెరిగే ఆకు. ఆకు వెనక గోధుమరంగు చుక్కలుంటాయి. ఆ చుక్కల్లో దుమ్ములాంటి సిద్ధబీజాలుంటాయి. విత్తనం ఉండదు. పూలమొక్కనైతే పువ్వు విప్పి, రేకులు లెక్కపెట్టి, ఏ కుటుంబమో చెప్పేయొచ్చు. ఫెర్న్ అలా బయటపడదు. ఆకు మీది నూగు చూడాలి, పొలుసులు చూడాలి, కాడ అడ్డంగా కోసి లోపల నీటినాళాలు ఎన్ని కట్టలుగా ఉన్నాయో చూడాలి. ఈ తిప్పలన్నీ ఎందుకని ఒకప్పుడు పెద్దలు ఫెర్న్‌లలో చాలా భాగాన్ని పాలీపోడియేసీ అనే ఒకే ఉమ్మడి కుటుంబంలో కుక్కేశారు. తర్వాత పంపకాలు మొదలయ్యాయి. ఒక్కో శాస్త్రవేత్త ఒక్కో రకంగా పంచాడు. భీమశంకరరావు గారి బీరువాల్లో ఒక పంపకం, లైబ్రరీలో మరొకటి, విదేశీ పత్రికల్లో ఇంకొకటి.

"ఇంటిపేరులాంటిదమ్మా," అన్నాడు ఎల్లాజీ చివరికి. "ఏ మొక్క ఏ ఇంటిదో తెలాలి గదా."

"ఇన్నాళ్ళూ తెలీదా?"

"తెలుసు. మళ్ళీ మారుస్తన్నారు."

గంగాలమ్మ అప్పుడు తలెత్తింది. "నాకు పెళ్ళికి ఒక్కపాలి మారింది ఇంటిపేరు. నీ మొక్కలకి ఎన్ని పెళ్ళిళ్ళురా?"

పక్కింటి మెట్టు మీద వల బాగుచేసుకుంటున్న దొరబాబు పకపకా నవ్వాడు. ఇద్దరూ ఒక ఈడువాళ్ళు. దొరబాబుకి తెప్పలో వాటా ఉంది, ఎల్లాజీకి అతని నోట్లో ఎప్పుడూ చోటుంది. "అడుగత్తా, గట్టిగా అడుగు! బావ పంతులైతే పెళ్ళిళ్ళ బేరాలు మనకే ఎక్కువొస్తాయి."

ఆ ఏడాది దసరా వానల్లో ఎల్లాజీ కిరండూల్ పాసింజర్ ఎక్కి అనంతగిరి వెళ్ళాడు. ఊరికి దిగువన ఒక గెడ్డ నీళ్ళు బండల మీంచి దూకుతాయి. ఆ జల్లు రాత్రింబవళ్ళు పడే రాతి చీలికలో గిడసబారి పెరిగిన ఒక ఫెర్న్ కనిపించింది. ఆకు బెత్తెడే ఉంది. మామూలుగా చీలికలుండవలసిన చోట అంచు కొద్దిగా నొక్కుకుని ఊరుకుంది. ఇలాంటిది అతను ఎక్కడా చూడలేదు. నిలబడి పరీక్షగా చూద్దామంటే అప్పటికే ఒళ్ళు వణుకుతోంది. దొరికినన్ని పీకి, పాత పేపర్ల మధ్య పరిచి, చెక్కల మధ్య బిగించి ఇల్లు చేరాడు. చేరిన పూటే మంచమెక్కాడు. మలేరియా. మర్నాడు దొరబాబు రిక్షాలో వేసుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు.

మొక్కల్ని ఆరబెట్టేటప్పుడు తడిపేపర్లు రోజూ మార్చాలి. మార్చేవాడు ఆస్పత్రిలో ఉన్నాడు. వాన వదలలేదు. ఓ పూట గంగాలమ్మ ఆ కట్ట దగ్గర ముక్కుపెట్టి చూసింది. ముక్కుతో చూడడం ఆమె వృత్తి. కట్ట విప్పితే బూజు. కొడుకు జ్వరంతో మోసుకొచ్చిన సరుకు కళ్ళముందు పాడైపోతోంది.

ముసురులో చేపలు మిగిలిపోతే జాలరిపేటలో ఏ ఆడమనిషైనా ఏంచేస్తుందో ఆమె అదే చేసింది. కుళ్ళినవి ఏరి పారేసింది. మిగిలినవాటికి, ఆకు నాజూకని, ఉప్పు మెత్తగా నూరి, అరచేత్తో రెండువైపులా రుద్ది, గంపలో వరసలుగా పేర్చింది. ఒక రాత్రి ఉంచి, మిగులు ఉప్పు దులిపేసి, ఎండ తొంగిచూసిన రెండుపూటలూ ఆరబెట్టింది. కొత్త పేపర్లలో మళ్ళీ కట్టకట్టి, చెక్కలు బిగించి, చూరు కింద పెట్టింది.

ఈ సంగతి కొడుక్కి చెప్పలేదు. దాచడం కాదు. చద్దన్నంలో నీళ్ళు పోశానని ఎవరైనా ఇంకొకరికి చెబుతారా?

"పేపర్లు మార్చినావా అమ్మా?" అన్నాడు ఇంటికొచ్చిన ఎల్లాజీ.

"మార్చినాను."

కట్ట విప్పి చూస్తే ఆకులు అప్పడాల్లా పెళపెళలాడుతున్నాయి. ఎల్లాజీ తల్లిని మెచ్చుకున్నాడు. మొక్కల్ని అట్టల మీద అతికించి సెంటర్‌కి పట్టుకుపోయాడు. భూతద్దం కింద పెట్టాడు.

ఆకు అంచు పొడుగునా, ఈనెలు ఆగిన చోటల్లా, సన్నని తెల్ల చుక్కలు. వరసగా, ముగ్గు పెట్టినట్టు. కొన్ని ఫెర్న్‌లు ఈనెల చివర సున్నం కారుస్తాయని అతను చదువుకున్నాడు. అది కుటుంబాన్ని పట్టిచ్చే గుర్తుల్లో ఒకటి. కాని ఆ ఫెర్న్‌ల ఆకారం వేరు, దీని ఆకారం వేరు. నూగు ఉందా అని చూశాడు. ఆకు నున్నగా ఉంది. పొలుసులూ లేవు. కాడ కోస్తే లోపల రెండు నాళాల కట్టలు, రెండు పట్టీల్లా ఎదురెదురుగా. రెండు కట్టలంటే మామూలుగా థెలిప్టెరిడేసీ కుటుంబం. కాని ఆ కుటుంబానికి ఒళ్ళంతా సూదుల్లాంటి నూగుండాలి. దీనికి లేదు. అది గంగాలమ్మ అరచేతిలో రాలిపోయిందని భూతద్దం చెప్పదు.

"కొత్తది!" అన్నారు భీమశంకరరావు గారు కళ్ళజోడు తీసి. "ఏమోయ్, ఇది ఏ కుటుంబంలోనూ ఇమడదు. కొత్త ప్రజాతే కాదు, కొత్త కుటుంబం!"

"కాడలో రెండు కట్టలున్నాయి సార్..."

"ఒక్క లక్షణం చూసి కుటుంబం చెబుతారుటోయ్? ఆ సున్నం చూడు, సున్నం!"

కుటుంబానికి పేరు పెట్టాలంటే ముందు దాని కింద ఒక ప్రజాతి ఉండాలి. ఆ ప్రజాతి పేరు చివర 'ఏసీ' తగిలిస్తే కుటుంబం పేరు. థెలిప్టెరిస్ నుంచి థెలిప్టెరిడేసీ అలా వచ్చిందే. ప్రజాతికి గురువుగారి పేరు పెట్టడం శిష్యుడి ధర్మమని గురువుగారే గుర్తుచేశారు. అలా అనంతగిరి బండ మీది ఫెర్న్ 'భీమశంకరియా' అయింది. దాని కుటుంబం 'భీమశంకరియేసీ'. లాటిన్‌లో వర్ణన లేనిదే కొత్త పేరు చెల్లని రోజులవి. నిఘంటువు ముందేసుకుని ఆ వర్ణన కూడా ఆయనే మొదలుపెట్టారు.

ఆ చుక్కల మీద ఒక్క బొట్టు ఆమ్లం వేస్తే కథ అక్కడే ముగిసేది. సున్నమైతే బుసబుసా పొంగుతుంది. వెయ్యలేదు. ఉన్న కాసిని నమూనాలూ పాడవుతాయని ప్రొఫెసర్ గారు వద్దన్నారు. ఎల్లాజీ కూడా మళ్ళీ అడగలేదు. అడగకపోవడానికి అతని కారణం అతనికుంది. కొత్త కుటుంబం ఉన్న థీసిస్‌ని ఎవరు కాదంటారు? గోపాలపట్నం కుర్చీ తనదే. ఒక్కటి మాత్రం వింతగా ఉండేది. వానాకాలం వస్తే ఆ అట్టలు చెమర్చేవి. స్లాబు కారుతోందని భీమశంకరరావు గారు బీరువా మొత్తాన్ని గది ఇటువైపు నుంచి అటువైపుకి జరిపించారు.

2000లో థీసిస్ వెళ్ళింది. నాలుగో అధ్యాయం అంతా భీమశంకరియేసీ. నవంబర్‌లో వైవాకి తేదీ ఇచ్చారు. బయటి నుంచి వచ్చే పరీక్షకురాలు అనూరాధ గారు, ఫెర్న్‌లు తప్ప వేరే లోకం తెలియని మనిషని పేరు.

వైవాకి వారం ముందు, కాలేజీ ప్రాక్టికల్స్ కోసం ఎల్లాజీ ఒక సంచెడు ఫెర్న్‌లు ఇంటికి తెచ్చాడు. బయట ముసురు. గంగాలమ్మ సంచిలోకి తొంగిచూసింది.

"ఈటికీ ఉప్పెట్టీమంటావేటి, మునపట్లాగ?"

ఎల్లాజీకి మొదట అర్థం కాలేదు. "మునపటేటి?"

"అదేరా, నువ్వు జొరంతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు. బూజట్టీసింది గదా. నానే ఉప్పు రాసి ఎండబెట్టినాను. ఎంత బాగా నిలిసినాయో సూసినావు గదా."

ఎల్లాజీ గొడుగైనా తీసుకోకుండా బస్సెక్కి సెంటర్‌కి వెళ్ళాడు. బీరువా తీశాడు. అటూ ఇటూ చూసి, భీమశంకరియేసీ కుటుంబపు మొదటి నమూనాని నాలిక చివరితో తాకాడు.

ఉప్పు. పచ్చి ఉప్పు.

భీమశంకరరావు గారు ఎల్లాజీ చెప్పింది విని, లేచి గది తలుపు వేసి వచ్చారు. "వైవా అయ్యేదాకా నోరెత్తకు," అన్నారు.

"మేడమ్ అడిగితే సార్?"

"ఎలా అడుగుతుందోయ్? ఫెర్న్‌కి ఉప్పు రాస్తారని ఏ బోటనిస్టుకి తడుతుంది?"

అది నిజమే. ఆ నిజమే ఎల్లాజీకి నిద్ర లేకుండా చేసింది. సత్యనిష్ఠ అని ఎవరూ పొంగిపోనక్కర్లేదు. అతన్ని పట్టుకున్నది భయం. చెబితే థీసిస్ పోతుంది, థీసిస్‌తో పోస్టూ పోతుంది. చెప్పకపోతే డిగ్రీ వస్తుంది, దాని వెనకే భీమశంకరియేసీ అచ్చులోకి వస్తుంది. ఆ తర్వాత ప్రపంచంలో ఎవడో ఒకడు ఏదో ఒకనాడు దాని మీద ఆమ్లం బొట్టు వేస్తాడు. ఆ బొట్టు కోసం జన్మంతా ఎదురుచూస్తూ పాఠాలు చెప్పాలి.

"బావా, నువ్వూ నానూ ఆ కొండకి పోదాం పద," అన్నాడు దొరబాబు సంగతంతా విని. "అసలు మొక్క సూసొచ్చీసి, అప్పుడు ఏడు."

వెళ్ళారు. పాసింజర్ సొరంగాల్లో దూరినప్పుడల్లా దొరబాబు ఈల వేశాడు. గెడ్డ దగ్గర బండలు పాకి పాకి, ఎల్లాజీ చీలికలో చెయ్యి పెట్టాడు. ఉంది. అదే ఫెర్న్, అంతే ఎత్తు, అదే నొక్కు. ఆకు నడి ఈనె పొడుగునా, పక్క ఈనెల మీద, అంచుల్లో, తెల్లని సూదుల్లాంటి నూగు. భూతద్దం అక్కర్లేదు, వెలుతురుకి పెడితే మెరుస్తోంది. తెల్ల చుక్క ఒక్కటీ లేదు. జేబులోని బ్లేడుతో కాడ కోశాడు. రెండు కట్టలు. థెలిప్టెరిడేసీ. కాలవ గట్ల మీద మోకాలెత్తు పెరిగే మామూలు ఫెర్నే, నీటిజల్లు కింద మట్టి చాలక మరుగుజ్జయింది.

ఎల్లాజీ బండ మీద కూర్చుని ఊపిరి వదిలాడు. కొత్త కుటుంబం పోయినందుకు ఏడుపు రావాలి. రాలేదు. ఎన్నాళ్ళ నుంచో నెత్తి మీదున్న గంపని ఎవరో అందుకుని దించినట్టుంది.

"నాకు తెలీకడుగుతాను బావా," అన్నాడు దొరబాబు బీడీ ముట్టించుకుంటూ. "ఆ కొత్త కుటుంబానికి పెపోసరు గారి పేరెందుకెట్టినారు? కుటుంబాన్ని తయారుసేసింది మా అత్త గదా!"

వైవా గదిలో అనూరాధ గారు నోరు తెరవకముందే ఎల్లాజీ తెరిచాడు. ముందు నడవలో నాలుగుసార్లు మంచినీళ్ళు తాగొచ్చాడు గనక గొంతు బాగానే పలికింది. మలేరియా, ముసురు, తల్లి, ఉప్పు, అరచెయ్యి, రాలిన నూగు, అన్నీ చెప్పాడు. పాత అట్ట ఒకపక్క, పచ్చి మొక్క ఒకపక్క బల్ల మీద పెట్టాడు. భీమశంకరరావు గారు పైకప్పు ఫ్యాను కేసి చూస్తున్నారు.

అనూరాధ గారు పాత అట్టని దగ్గరికి లాక్కున్నారు. "నిజంగా ఉప్పేనా?" అని, వేలు తడిచేసి అంచు మీద అద్ది, నాలిక మీద పెట్టుకున్నారు. మొహం చిట్లించారు. తర్వాత ఆవిడకి నవ్వొచ్చింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వు.

"కొత్త కుటుంబం కనిపెట్టామని ఏడాదికొకరైనా నాకు రాస్తుంటారు, ఎల్లాజీ గారూ. కట్టుకున్న కుటుంబాన్ని తామే పడగొట్టి పట్టుకొచ్చినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాను." నవ్వు ఆపి ఆవిడ థీసిస్ తెరిచారు. "ఇదిగో, కాడలో రెండు కట్టలు. మీరే కోశారు, మీరే బొమ్మ గీశారు, మీరే పక్కన పెట్టారు. నూగు పోయింది ఉప్పువల్ల కావచ్చు. ఇది మాత్రం ఉప్పు తప్పు కాదు."

"కాదు మేడమ్."

"నాలుగో అధ్యాయం తీసెయ్యండి. దాని బదులు, ఈ మొక్క ఎందుకు మోసం చేసిందో రెండు పేజీలు రాయండి. నమూనా ఆరబెట్టిన పద్ధతి ప్రతిదానికీ రాయాలని అందులో చెప్పండి. మిగతా అధ్యాయాలు చదివాను. ఈ కొండల ఫెర్న్‌లని కుటుంబాల వారీగా గుర్తుపట్టడానికి మీరిచ్చిన పద్ధతి పని చేస్తుంది, నా దగ్గరున్న మొక్కల మీద వేసి చూశాను. డిగ్రీకి సిఫారసు చేస్తున్నాను."

ఎల్లాజీ థాంక్యూ అనబోయి, "టీ తాగుతారా మేడమ్?" అన్నాడు.

ఆవిడ వెళ్ళాక భీమశంకరరావు గారు సొరుగు లాగి ఒక కవరు తీశారు. పత్రికకి పంపవలసిన వ్యాసం. లాటిన్ వర్ణనతో సహా అంతా సిద్ధం, టైపు కొట్టడం ఒక్కటే మిగిలింది. "టైపిస్టు ఇంట్లో పెళ్ళని సెలవు పెట్టాడు," అన్నారు. "లేకపోతే పోయిన నెలలోనే పోస్టు చేద్దును." కవరుని నిలువునా చింపారు. మళ్ళీ అడ్డంగా చింపారు. ఆయన పేరు ఉప్పుకి పెట్టే ప్రమాదం తప్పింది. ఆ సాయంత్రం ఆయన ఎల్లాజీ భుజం మీద చెయ్యి వేసి మెట్లు దిగడం సెంటర్‌లో అందరూ చూశారు. అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఇంటికొస్తే గంగాలమ్మ అరుగు మీదే ఉంది.

"పాసైనావేట్రా?"

"పాసయ్యాను."

"మరి నా ఉప్పు?"

"నీ ఉప్పు ఫెయిలయిపోయిందే."

"పోన్లే. ముసుర్లో కుళ్ళిపోనిస్తే బాగుణ్ణేటి నీకు?" అని మళ్ళీ చేపల మీద పడింది. కళ్ళు చెమర్చడం, కౌగిలించుకోవడం లాంటివి ఏమీ జరగలేదు. రాత్రి మాత్రం కవళ్ళ పులుసులో ముక్కలు కొడుకు కంచంలోకే ఎక్కువ పడ్డాయి. పేటలో యువజన సంఘం వాళ్ళు శాలువా కప్పుతామని వచ్చారు. సముద్రపుత్రుడు, శాస్త్రశిఖరం అని బ్యానరు కూడా రాయించామన్నారు. ఎల్లాజీ దండం పెట్టి, ఆ డబ్బుతో వీధి కుళాయి బాగుచేయించమన్నాడు. వాళ్ళు బాగుచేయించలేదు, శాలువా కూడా కప్పలేదు.

నమూనాల బీరువాలో ఒక ఆచారం ఉంది. మొక్క పేరు తప్పని తేలినా పాత చీటీ పీకరు, పక్కన కొత్తది అతికిస్తారు. ఉప్పు మొక్క అట్ట మీద భీమశంకరియేసీ అన్న చీటీ అలాగే ఉంది. దాని పక్కన ఎల్లాజీ చేతిరాతలో ఇంకొకటి ఉంది: థెలిప్టెరిడేసీ, ఉప్పు రాసి ఆరబెట్టినది, నూగు రాలిపోయింది.

2006లో ఫెర్న్ కుటుంబాలన్నిటినీ మళ్ళీ కదిపారు. ఈసారి నూగు, పొలుసు కాదు, డి.ఎన్.ఏ. చూసి. గుర్రపుతోక మొక్కలు కూడా ఫెర్న్‌ల వరసలోకే వచ్చాయి. కొన్ని పాత కుటుంబాలు మాయమయ్యాయి, కొన్ని చీలాయి. ఆ వ్యాసం జిరాక్సు చేతికందగానే ఎల్లాజీ గబగబా పేజీలు తిప్పి ముందు థెలిప్టెరిడేసీ ఉందో లేదో చూశాడు. ఉంది. ఆ మొక్కకి మూడో చీటీ అక్కర్లేదు. జిరాక్సు మడిచి జేబులో పెట్టుకుని క్లాసుకి వెళ్ళాడు. అప్పటికి అతను గోపాలపట్నం కాలేజీలో పర్మనెంట్ లెక్చరరే.

డిగ్రీ వచ్చిన నెల నుంచి కొత్త స్కేలు ఇస్తామని కాలేజీ ఒప్పుకుంది. అందులో మొదటి ఏడాది బకాయి పద్దెనిమిది వేల రూపాయలు యాజమాన్యం ఇంకా ఇవ్వలేదు.